ఇండస్ట్రియల్ మ్యూజిక్: నచ్చిన బ్యాండ్ల దగ్గర నేర్చుకుంటూనే మీదైన సౌండ్ తయారు చేసుకోవడం ఎలా?

"నా ట్రాక్ వింటే అచ్చం నైన్ ఇంచ్ నెయిల్స్‌లా ఉందంటున్నారు, ఏం చేయాలి?" ఈ ప్రశ్న నాకు రకరకాలుగా వస్తూనే ఉంది. ఇనుప చప్పుళ్లు, యంత్రాల మోత, గరగరలాడే సౌండ్‌తో కట్టే ఇండస్ట్రియల్ మ్యూజిక్‌లో నైన్ ఇంచ్ నెయిల్స్ పేరున్న బ్యాండ్. ప్రశ్నలో బ్యాండ్ పేరు మారుతుంది, బాధ మాత్రం అదే. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు నేను పాటించే క్రమం మొత్తం ఇక్కడ పెడుతున్నాను.

ముందుగా ఒక మాట. ఎవరి ప్రభావమూ లేకుండా సంగీతం చేయాలని పంతం పట్టకండి. అది కుదరదు, అవసరమూ లేదు. ఈ సంగీతంలో మనం అసలు సిసలు అనుకునే బ్యాండ్లన్నీ ఎవరో ఒకరి దగ్గర నేర్చుకున్నవే. కాకపోతే ఎదుటివాళ్లు పని చేసిన తీరును నేర్చుకుని, దాన్ని తమ చేతిలో ఉన్న సరుకు మీద ప్రయోగించాయి. ఈ గైడ్ మొత్తం ఆ పని ఎలా చేయాలనే దాని గురించే.

## 1. మొదలుపెట్టే ముందు

ఖరీదైన సామాను అక్కర్లేదు. ఇవి ఉంటే చాలు:

- రికార్డింగ్‌కి ఫోన్. చేతిలో పట్టే రికార్డర్ ఉంటే ఇంకా మంచిది
- 27 మిల్లీమీటర్ల పియజో డిస్క్‌తో (వణుకును కరెంటు సిగ్నల్‌గా మార్చే పలచటి బిళ్ల) చేసిన కాంటాక్ట్ మైక్ ఒకటి. ఇది వస్తువుకే అతికించే మైక్
- మీకు అలవాటైన మ్యూజిక్ సాఫ్ట్‌వేర్, ఏదైనా సరే
- ఇయర్ ప్లగ్స్, గ్లవ్స్, కళ్లకు అద్దాలు. ఇనుము మీద ఇనుముతో కొట్టబోతున్నారు, వీటిని వదలొద్దు
- ఒక నోట్‌బుక్, పెన్ను

ఒక ట్రాక్‌కి నాలుగు వారాలు పెట్టుకోండి. మొదటి రెండు వారాలు వినడం, రాసుకోవడం, శబ్దాలు పోగు చేయడం. సాఫ్ట్‌వేర్ తెరవడం మూడో వారంలోనే. చాలామంది మొదటి రోజే సాఫ్ట్‌వేర్ తెరుస్తారు. అప్పుడు చెవిలో తిరుగుతున్న పాటే చేతుల్లోంచి బయటికి వస్తుంది.

## 2. ప్రభావాల జాబితా రాయండి

నర్స్ విత్ వూండ్ అనే బ్యాండ్ 1979లో తమ మొదటి ఆల్బమ్‌తో పాటు తమకు నచ్చిన కళాకారుల పేర్ల జాబితా అచ్చు వేసింది. తర్వాతి ఆల్బమ్‌కి దాన్ని ఇంకా పెంచారు, మొత్తం దాదాపు 300 పేర్లయ్యాయి. మీకు పది చాలు. కానీ నిజాయితీగా రాయండి.

క్రమం ఇది:

1. ఎక్కువగా వినే పది పేర్లు రాయండి. గొప్పగా కనిపించే పేర్లు కాదు, నిజంగా వినేవి.
2. అందులో ఇండస్ట్రియల్ కానివి కనీసం నాలుగు ఉండాలి. లేకపోతే వినడం పెంచండి, జాబితా తర్వాత.
3. ప్రతి పేరు పక్కన, వాళ్లు ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాయండి.
4. ఆ పైవాళ్ల పక్కన కూడా అదే రాయండి. రెండు తరాలు పైకి వెళ్లాలి.

మూడు, నాలుగు అంకెల్లోనే అసలు లాభం. మినిస్ట్రీ సంగతే చూడండి. 1983లో మెత్తటి సింథ్ పాప్ ఆల్బమ్‌తో మొదలైన ఆ బ్యాండ్ 1986 ఆల్బమ్‌కి ఏడ్రియన్ షెర్‌వుడ్‌తో కలిసి పని చేసింది. ఆయన డబ్ రెగ్గే (రెగ్గే పాటలను మిక్సింగ్‌లో విడదీసి ప్రతిధ్వనులతో మళ్లీ కట్టే సంగీతం) నిర్మాత. టేపు కోసి అతికించడం, మిక్సింగ్ బోర్డునే వాయిద్యంలా వాడడం ఆయన విద్య. మీరు మినిస్ట్రీ గిటార్ టోన్ పట్టుకుని వేలాడితే మినిస్ట్రీ నకలు అవుతారు. డబ్ రికార్డుల దాకా వెళ్తే, మినిస్ట్రీ నీళ్లు తోడుకున్న బావి మీకూ దొరుకుతుంది.

కాబరే వోల్టేర్ అనే బ్యాండ్ అయితే సంగీతం బయటికే వెళ్లింది. రచయిత విలియం బరోస్, చిత్రకారుడు బ్రయన్ గైసిన్‌లు కాగితం మీద, టేపు మీద చేసిన కోత-అతుకు పద్ధతిని షెఫీల్డ్‌లోని తమ టేప్ రికార్డర్ల మీదకి తెచ్చుకుంది. మీ జాబితాలో రచయితలు, చిత్రకారులు, కట్టడాలు ఉన్నా తప్పులేదు.

## 3. ఒక పాటను విప్పి చూడండి

జాబితాలోంచి ఒకే ఒక్క పాట తీసుకోండి. ఐదుసార్లు వినండి, ప్రతిసారీ ఒక్క విషయం మీదే చెవి పెట్టి:

- మొదటిసారి: కింది భాగం. కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ), బేస్ వేరువేరుగా ఉన్నాయా, ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయా?
- రెండోసారి: ఏది డిస్టార్ట్ అయింది (చీలి గరగరలాడుతోంది), ఏది శుభ్రంగా ఉంది?
- మూడోసారి: చోటు. గొంతు ఎంత దగ్గర, డ్రమ్స్ ఎంత దూరం?
- నాలుగోసారి: కూర్పు. ఎన్నో సెకనులో ఏది వచ్చింది, ఏది పోయింది? గడియారం చూసి రాయండి.
- ఐదోసారి: ఏ శబ్దం ఎక్కడి నుంచి వచ్చిందో మీకు అర్థం కాలేదు? దాన్ని గుర్తు పెట్టుకోండి.

ఐదోసారి రాసుకున్న దాని వెనక పడండి. నైన్ ఇంచ్ నెయిల్స్ 1994 నాటి "క్లోజర్" కిక్ డ్రమ్‌ను తమ ట్రాక్‌లో దించాలని కష్టపడే వాళ్లు చాలామంది. ఆ కిక్ అసలు ఇగ్గీ పాప్ 1977 నాటి "నైట్‌క్లబ్బింగ్" నుంచి తీసుకుని మార్చినది. మీరు దాన్ని అనుకరిస్తే, ఒకరు వెతికి తెచ్చుకున్న దాన్ని అరువు తెచ్చుకున్నట్టే. అక్కడ నేర్చుకోవాల్సింది కిక్ శబ్దం కాదు. తన జానర్‌కి సంబంధం లేని పాత రికార్డులో డ్రమ్ వెతుక్కున్న ఆ చెవిని చూడండి.

## 4. శబ్దం వదిలి పద్ధతి పట్టుకోండి

ఈ గైడ్‌కి గుండెకాయ ఇదే. నెమ్మదిగా చదవండి.

మీకు నచ్చిన ప్రతి బ్యాండ్ గురించి ఒక వాక్యం పూర్తి చేయండి: "వీళ్లకి ఇది లేదు, కాబట్టి ఇలా చేశారు."

నేను రాసుకున్నవి కొన్ని:

- ఐన్‌స్టూర్జెండె నోయ్‌బౌటెన్, పశ్చిమ బెర్లిన్, 1980: బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించే ఊన్రూ తన డ్రమ్ సెట్ అమ్మేశాడు. కాబట్టి పాత ఇనుప సామాను ఏరుకొచ్చి దాని మీదే వాయించాడు.
- త్రాబింగ్ గ్రిసిల్: కావలసిన ఎఫెక్ట్ బజారులో లేదు. కాబట్టి క్రిస్ కార్టర్ ఒక ఎలక్ట్రానిక్స్ పత్రికలో వచ్చిన సర్క్యూట్ ఆధారంగా తనే కట్టుకున్నాడు. పీటర్ క్రిస్టఫర్సన్ క్యాసెట్ ప్లేయర్లను కీబోర్డుకి కలిపి, మీట నొక్కితే టేపు పలికేలా చేశాడు.
- గాడ్‌ఫ్లెష్, బర్మింగ్‌హామ్, 1988: డ్రమ్మర్ లేడు. అలెసిస్ హెచ్‌ఆర్-16 డ్రమ్ మెషీన్ ఉంది. దాన్ని మనిషిలా వినిపించేలా చేయడానికి తంటాలు పడలేదు. యంత్రం యంత్రంలాగే మోగింది, దాని చుట్టూ గిటార్ బరువు పేర్చారు.
- ది యంగ్ గాడ్స్, స్విట్జర్లాండ్, 1985: గిటారిస్టు లేడు. ఒక గాయకుడు, ఒక డ్రమ్మర్, ఒక శాంప్లర్ (రికార్డ్ చేసిన శబ్దాలను మీట నొక్కి మోగించే పరికరం). గిటార్లు, ఆర్కెస్ట్రాలు అన్నీ శాంప్లర్ లోంచే.

ఇప్పుడు మీ వాక్యం రాయండి. "నాకు ___ లేదు, కాబట్టి ___ చేస్తాను." అరవలేని గొంతు, డ్రమ్స్ కొట్టడానికి వీల్లేని పలచటి గోడలు, పాత ల్యాప్‌టాప్, ఏదైనా సరే. మీరు లోపం అనుకుంటున్నదే మీ సౌండ్ మొదలయ్యే చోటు.

ఇంకో దారి కూడా ఉంది: పద్ధతిని వేరే చోటికి తీసుకెళ్లడం. డెపెష్ మోడ్‌కి చెందిన మార్టిన్ గోర్ నోయ్‌బౌటెన్ కచేరీ చూశాక, ఆ ఇనుప శబ్దాలను పాప్ పాటలో పెడితే ఎలా ఉంటుందని ఆలోచించాడు. 1983 ఆల్బమ్‌లో రేకులు, గొట్టాలు కొట్టిన శబ్దాలను శాంపిల్ చేసి మామూలు పాటల కింద పేర్చారు. నోయ్‌బౌటెన్ వాసన ఉంది, కానీ ఎవరూ దాన్ని నోయ్‌బౌటెన్ అనుకోరు.

## 5. సొంత శబ్దాలు పోగు చేయండి

నా తొలి ట్రాక్‌లలో ఒకదానికి శాంపిల్ ప్యాక్ (రెడీమేడ్ శబ్దాల కట్ట) లోని ఇనుప చప్పుడు వాడాను. నెల తిరక్కుండానే వేరెవరో చేసిన ట్రాక్‌లో అదే చప్పుడు, రివర్బ్ (ప్రతిధ్వని) తోకతో సహా, వినిపించింది. చాలా సిగ్గనిపించింది. అప్పటి నుంచి ప్యాక్‌లలోని ఇనుము ముట్టుకోలేదు.

వేలాడదీయడం. ఇనుప పైపును నేల మీద పెట్టి కొడితే "టక్" అని చచ్చిపోతుంది. దాన్ని వేలాడదీయాలి. అది కూడా ఎక్కడపడితే అక్కడ కాదు. ఒక చివర నుంచి పొడవులో సుమారు 22 శాతం దూరంలో తాడు కట్టండి. మీటరు పైపు అయితే 22 సెంటీమీటర్లు. పైపు మోగేటప్పుడు ఆ బిందువు దాదాపు కదలదు, కాబట్టి తాడు మోతను ఆపదు. నాలుగు వేళ్లు అటూ ఇటూ జరిపి కొట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

కొట్టడం. ఒకే వస్తువును నాలుగు వాటితో కొట్టండి: స్పానర్, చెక్క, రబ్బరు సుత్తి, వేలిగోరు. ప్రతిదానితో మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా. ఒక్కో స్థాయిలో కనీసం నాలుగు దెబ్బలు. ఇవి తర్వాత మార్చి మార్చి వాడితే, ఒకే శాంపిల్ పదే పదే మోగుతున్న బొమ్మ తుపాకీ అనుభూతి పోతుంది.

రెండు మైకులు. మామూలు మైక్ గాలిలోని శబ్దం పట్టుకుంటుంది, కాంటాక్ట్ మైక్ లోహం లోపలి వణుకును పట్టుకుంటుంది. రెండూ కలిపితే ఏ ప్యాక్‌లోనూ లేనిది దొరుకుతుంది. కాంటాక్ట్ మైక్‌ను టేపుతో అతికిస్తే పైశబ్దాలు మందగిస్తాయి, బిగించి క్లిప్ పెడితే పదునుగా వస్తాయి. దాన్ని ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (మైక్‌ను కంప్యూటర్‌కి కలిపే పెట్టె) మైక్ ఇన్‌పుట్‌కి కాకుండా గిటార్ పెట్టే ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌కి కలపండి. పియజోకి ఎక్కువ ఇంపిడెన్స్ (విద్యుత్ నిరోధం) ఉన్న ఇన్‌పుట్ కావాలి. అది లేకపోతే బేస్ మొత్తం పోయి రేకు డబ్బాలా వినిపిస్తుంది. "కాంటాక్ట్ మైక్ బాగోలేదు" అనేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇదే.

స్థాయి. లోహం దెబ్బ మొదటి క్షణం చాలా పదునుగా ఉంటుంది. పీక్ మైనస్ 12 డీబీ దగ్గర ఉండేలా పెట్టుకోండి.

మార్చడం. శాంపిల్ వేగాన్ని సగం చేస్తే శ్రుతి 12 సెమీటోన్లు దిగుతుంది, నిడివి రెట్టింపు అవుతుంది. స్పానర్ దెబ్బ గుడి గంట అవుతుంది. రెండుసార్లు సగం చేస్తే పాత ఓడ మూలుగు. ఇలా దించాలనుకుంటే 96 కిలోహెర్ట్జ్‌లో రికార్డ్ చేయండి. మైక్ పట్టుకోగలిగితే, మన చెవికి అందని పైశబ్దాలు కిందికి దిగి వినిపిస్తాయి. అప్పుడు శబ్దం మసకబారదు.

ఇనుము ఒక్కటే ఇండస్ట్రియల్ అనుకోకండి. ప్రింటర్, లిఫ్ట్ తలుపు, హార్డ్ డిస్క్, ట్రాన్స్‌ఫార్మర్ హమ్ అన్నీ పనికొస్తాయి. మీ రోజులో నిజంగా ఉన్న యంత్రాలు ఇవే. ఫ్యాక్టరీ ఎన్నడూ చూడని మనిషి ఫ్యాక్టరీ శబ్దాలే వాడితే ట్రాక్ అరువు బట్టలా వేలాడుతుంది.

సేకరణ చెక్‌లిస్ట్:

- ఐదు వస్తువులు, ఒక్కోదాన్ని కొట్టే ప్రతిదానితోనూ పన్నెండు దెబ్బలకు తక్కువ కాకుండా
- ఆగకుండా సాగే శబ్దాలు మూడు (హమ్, గీకుడు, రాపిడి)
- ఖాళీ గది నిశ్శబ్దం ఒక నిమిషం
- ప్రతి ఫైలుకి పేరు: వస్తువు, దేనితో కొట్టారు, ఎంత గట్టిగా

## 6. హద్దులు పెట్టుకోండి

పని మొదలుపెట్టే ముందు మూడు నియమాలు రాసి గోడకి అంటించండి. ట్రాక్ పూర్తయ్యే దాకా వాటిని మార్చకూడదు. నావి ఎక్కువగా ఇలా ఉంటాయి:

- పన్నెండు రికార్డింగులకు మించి వాడను
- డిస్టార్షన్ ఒక్కటే రకం
- 3వ మెట్టులో విప్పి చూసిన పాట టెంపో, స్కేలు వాడను

మూడో నియమం తప్పనిసరి. మిగతా రెండూ మీ ఇష్టం.

## 7. ట్రాక్ కట్టే క్రమం

1. ముందు సాగే శబ్దం. డ్రమ్స్‌తో మొదలుపెట్టకండి. హమ్‌నో, రాపిడినో రెండు నిమిషాలు పరిచి, దాని మీద కూర్చోండి. డ్రమ్ ప్యాటర్న్‌తో మొదలుపెడితే చేతికి అలవాటైన బీటే పడుతుంది.
2. తర్వాత కిక్. మీ రికార్డింగ్ లోంచే తీయండి. రబ్బరు సుత్తి దెబ్బను దించి, 120 హెర్ట్జ్ కింద శుభ్రమైన సైన్ వేవ్ (ఒకే శ్రుతి ఉన్న నునుపు శబ్దం) ఒకటి కలిపితే సరిపోతుంది.
3. బేస్. రెండుగా చీల్చండి. కింది భాగం శుభ్రంగా ఉంచి, పై భాగానికి మాత్రమే డిస్టార్షన్ పెట్టండి.
4. లోహం దెబ్బలు. స్నేర్ డ్రమ్ దెబ్బ పడాల్సిన చోటే పెట్టకండి. కాస్త ముందుకో వెనక్కో జరపండి.
5. చోటు. రివర్బ్ ముందు, డిస్టార్షన్ తర్వాత పెడితే గోడలా మీద పడుతుంది. డిస్టార్షన్ ముందు, రివర్బ్ తర్వాత అయితే మురికి శబ్దం ఒక పెద్ద గదిలో నిలబడినట్టుంటుంది. రెండూ చేసి విని ఎంచుకోండి.
6. తీసేయడం. పూర్తయింది అనుకున్నాక మూడో వంతు శబ్దాలు మ్యూట్ చేయండి. లోటు తెలియకపోతే అవి అక్కర్లేదు.

## 8. గొంతు, మాటలు, చిహ్నాలు

నకలు తొందరగా బయటపడేది గొంతులోనే. గుసగుసగా మొదలై అరుపుగా మారే పద్ధతి, ఇంగ్లీషు యాస, కోపం పలికే తీరు, అన్నీ ఎక్కడో విన్నవే వస్తాయి. మీరు రోజూ మాట్లాడే భాషలో, మాట్లాడే గొంతుతో ఒకసారి చదివి రికార్డ్ చేయండి. ది యంగ్ గాడ్స్ ఫ్రెంచ్‌లో, నోయ్‌బౌటెన్ జర్మన్‌లో పాడారు. గొంతుకి డిస్టార్షన్ కావాలంటే ప్లగిన్ బదులు, రికార్డింగ్‌ను చిన్న పాత స్పీకర్లో మోగించి మళ్లీ మైక్‌తో పట్టుకోండి.

సినిమా డైలాగులు ముక్కలు ముక్కలుగా పెట్టడం 1980లలో కొత్త, ఇప్పుడు కాదు. దానికి బదులు మీరు రాసిన వాక్యాన్ని ఎవరితోనైనా చదివించండి.

చిహ్నాల దగ్గర చాలా జాగ్రత్తగా ఉండండి. లైబాఖ్ లాంటి బ్యాండ్లు యూనిఫాంలు, నినాదాలు వాడింది అధికారం ఎలా పని చేస్తుందో చూపించడానికి. ఆ ఆలోచన లేకుండా బొమ్మ ఒక్కటే తీసుకుంటే, మీరు ఆ అధికారాన్ని సమర్థిస్తున్నారని జనం అనుకుంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఒక చిహ్నం ఎందుకు వాడుతున్నారో రెండు వాక్యాల్లో చెప్పలేకపోతే తీసేయండి.

## 9. పోలిక పరీక్ష

ట్రాక్‌ను ఒక వారం పక్కన పెట్టండి. తర్వాత ముగ్గురికి వినిపించండి. వాళ్లలో ఒకరు ఈ సంగీతం బాగా తెలిసినవాళ్లు, ఒకరు అసలు తెలియనివాళ్లు అయి ఉండాలి. ఏమీ చెప్పకుండా వినిపించి, ఒక్కటే అడగండి: "ఇది వింటే ఏం గుర్తొచ్చింది?"

- ముగ్గురూ ఒకే బ్యాండ్ పేరు చెబితే: ఏ సెకనులో అనిపించిందో అడగండి. మొదటి పది సెకన్లలో అయితే సమస్య టోన్‌లో ఉంది. గొంతు వచ్చినప్పుడు అయితే గొంతులో ఉంది. ఆ ఒక్కటి మార్చండి, ట్రాక్ మొత్తం పారేయకండి.
- ముగ్గురూ వేరువేరు బ్యాండ్లు చెబితే: కంగారు అక్కర్లేదు. ప్రభావాలు కలిసిపోతున్నాయి.
- ఒక చోటో, వస్తువో, సంఘటనో గుర్తొచ్చిందంటే: చేతులు తీసేయండి. ఇక మార్చకండి.

పోలిక వచ్చినంత మాత్రాన ట్రాక్ చెడిపోయినట్టు కాదు. నైన్ ఇంచ్ నెయిల్స్ మొదటి సింగిల్ "డౌన్ ఇన్ ఇట్" స్కిన్నీ పప్పీ పాట "డిగ్ ఇట్" ప్రభావంతో వచ్చిందని ఆ బ్యాండ్ నడిపే ట్రెంట్ రెజ్నర్ స్వయంగా ఒప్పుకున్నాడు. అయినా ఆ పాట నిలబడింది, ఎందుకంటే దాని మీద అతను కట్టిన రాగం, రాసుకున్న మాటలు స్కిన్నీ పప్పీవి కావు.

## 10. తరచుగా కనిపించే తప్పులు

అన్నిటికీ డిస్టార్షన్. అంతా గట్టిగా ఉంటే ఏదీ గట్టిగా వినిపించదు. కనీసం ఒక శబ్దం పూర్తిగా శుభ్రంగా ఉంచండి, దాని పక్కన మిగతావి భయపెడతాయి.

ఒకే బ్యాండ్ వినడం. పని నడుస్తున్న నాలుగు వారాలూ మీకు బాగా నచ్చిన బ్యాండ్‌ను వినడం ఆపేయండి. కష్టంగానే ఉంటుంది, కానీ పని చేస్తుంది.

సామాను కొనడం. పాత బ్యాండ్ వాడిన డ్రమ్ మెషీనే కావాలని వెతకడం. వాళ్లు దాన్ని వాడింది దగ్గరున్నది అదే కాబట్టి.

విచిత్రం కోసం విచిత్రం. ఎవరికీ పోలిక లేకుండా ఉండాలని అర్థం లేని శబ్దాలు పేర్చడం. ఇది నకలు కన్నా విసుగు. దీనికి మందు 4వ మెట్టులో రాసుకున్న వాక్యం. ప్రతి శబ్దం ఆ వాక్యానికి పని చేస్తోందా అని అడగండి.

## 11. శాంపిల్స్, క్రెడిట్లు

పద్ధతి ఎవరి సొత్తూ కాదు. రికార్డింగ్ మాత్రం ఖచ్చితంగా ఎవరిదో ఒకరిది. "రెండు సెకన్లేగా" అనుకోకండి. క్రాఫ్ట్‌వెర్క్ అనే బ్యాండ్ 1977 నాటి ట్రాక్ లోంచి సుమారు రెండు సెకన్ల లోహపు లయను 1997లో ఒక జర్మన్ ర్యాప్ పాటలో లూప్ చేశారు. ఆ గొడవ ఏళ్ల తరబడి సాగి యూరోపియన్ కోర్టు దాకా వెళ్లింది, అక్కడ 2019లో తీర్పు వచ్చింది. చెవికి గుర్తుపట్టలేనంతగా మార్చితే ఇబ్బంది లేదు, గుర్తుపట్టేలా ఉంటే సాధారణంగా అనుమతి కావాలి అన్నది ఆ తీర్పు సారం. చట్టం దేశానికో తీరుగా ఉంటుంది, కాబట్టి మీ దేశపు నిబంధన విడిగా చూసుకోండి.

స్వేచ్ఛగా ఇచ్చిన ఫైళ్లకీ షరతులుంటాయి. నైన్ ఇంచ్ నెయిల్స్ 2008లో ఒక వాయిద్య ఆల్బమ్‌ను క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదల చేసింది, కానీ వ్యాపారానికి వాడకూడదన్న షరతుతో. అందులోని ఒక ముక్క మీద కట్టిన "ఓల్డ్ టౌన్ రోడ్" 2019లో పెద్ద హిట్ అయింది. ఆ పాట రచయితల్లో రెజ్నర్, అతని జోడీ ఆటికస్ రాస్ పేర్లు కూడా ఉన్నాయి.

విడుదలకు ముందు:

- ప్రతి శబ్దం ఎక్కడి నుంచి వచ్చిందో 5వ మెట్టులో పెట్టిన ఫైలు పేర్లతో సరిచూడండి
- మూలం గుర్తులేని ఫైలు ఉంటే తీసేసి కొత్తది రికార్డ్ చేయండి
- వేరేవాళ్ల రికార్డింగ్ ఉంటే రాతపూర్వక అనుమతి దగ్గర పెట్టుకోండి
- గొంతు ఇచ్చినవాళ్లు, సామాను ఇచ్చినవాళ్లు అందరి పేర్లూ రాయండి
- 2వ మెట్టులో రాసిన పది పేర్ల జాబితాను ట్రాక్ వివరాల కిందే పెట్టండి. పోలిక కనిపెట్టే అవకాశం వినేవాళ్లకి ఇవ్వకుండా మీరే చెప్పేసినట్టుంటుంది. మీ ట్రాక్ నచ్చినవాళ్లకి ఇంకా ఏం వినాలో కూడా తెలుస్తుంది